మూత

ఎస్సార్ నగర్ రెండో సందులో అండాలమ్మ కర్రీ పాయింటు.
పావుకిలో పప్పు కట్టించుకునేలోపు
బోరబండలో నల్లా రాని సంగతి,
చిన్నాడబిడ్డ చెవి ఆపరేషను,
నిమ్మకాయల రేటు,
మెట్రో పిల్లరు కింద నల్లకుక్క ఈనిన ముచ్చట,
అన్నీ వినాలి.
నేను వినేవాణ్ణి.
అంటే, తలూపేవాణ్ణి.
ఓ రాత్రి చిల్లర లెక్కపెట్టుకుంటూ
పక్కనున్న రూమ్మేటుతో అన్నాను:
చాటర్‌బాక్స్.
ఆమెకి రాని భాషే కదా అని
గొంతు కూడా తగ్గించలేదు.

బోనాలు అయిపోయాక, ఓ మంగళవారం,
అమీర్‌పేటలో లిఫ్టు చెడిపోయిన బిల్డింగు నాలుగో అంతస్తుకి,
నోరు పెగలక నేను చేరిన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి
మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది.
ముందు బెంచీలో కూర్చుని
కొంగుముడి విప్పి కూరల చీటీ తీసింది.
చీటీ వెనక పెన్సిలుతో, తెలుగులో, ఒక్కటే మాట.

"ఇదేం డబ్బ సారూ? స్టీలుదా, పలాస్టిక్‌దా?"

విక్టర్ సారు నవ్వబోయి ఆగాడు.
బోర్డు మీద రాసుకుంటూ పోయాడు:
చాటర్‌బాక్స్, విండ్‌బ్యాగ్,
మోటర్‌మౌత్, బ్లాబర్‌మౌత్.
"ఎక్కువ మాట్లాడేవాళ్ళకి ముద్దుపేర్లమ్మా.
అన్నీ ముద్దువి కావు."

ఒక్కోదానికీ అర్థం చెప్పించుకుంది.
"గాలిసంచా? సంచిల గాలి వట్టి దారం సుడితెనే గద సారూ
సాంబారు కారకుంటది!
నోటికి మోటరా? మా బస్తీ మోటరుకు కరెంటన్న వోతది,
నాకు ఐతారం గూడ సెలవు లేదు.
నోట్ల నువ్వుగింజ నాననోళ్ళా?
గది నేను గాదు, మా యారాలు."

క్లాసంతా లేచింది.
బక్వాస్ అన్నాడు మెకానిక్ ముస్తఫా.
వసపిట్ట అంది తెనాలి నుంచి వచ్చిన నర్సమ్మాయి.
వెనకనించి ఎవరో, వాగుడుకాయ.
"మా దిక్కు బాతాల పోశెట్టంటరు," అంది అండాలమ్మ.
"పోశెట్టి మొగోడు సారూ.
గా డబ్బ మొగదా, ఆడదా?"
సారు దగ్గర జవాబు లేదు.

"సరేనమ్మా, మీ గురించి ఇంగ్లీషులో రెండు నిమిషాలు."

లేచి నిలబడింది.
మై నేమ్ అండాలు.

తర్వాత
ఫ్యాను.
కింద బజ్జీల బండి మీద నూనె చిటపట.
ఒక మెట్రో పోయింది. ఎదుటి వైపు నుంచి ఇంకోటి వచ్చింది.
పెదాలు కదులుతున్నాయి,
వేలు చీర అంచుని చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది,
మధ్యలో ఏ మాటా లేదు.
ఆ చోటు నాకు తెలుసు.
ఏడు ఇంటర్వ్యూల్లో నేను కూర్చున్న కుర్చీ అది.

ఎందుకు లేచానో తెలీదు.
నెల రోజుల్లో ఆ క్లాసులో నేనడిగిన మొదటి ప్రశ్న:
"సార్, అస్సలు మాట్లాడనివాళ్ళని ఏమంటారు?"
క్వైట్ అన్నాడు సారు, షై అన్నాడు.
"అవి మామూలు మాటలు సార్. ఇలాంటివి?"
చాక్‌పీసు చేతిలోనే ఉంది,
బోర్డు మీద చాలా చోటుంది.

అండాలమ్మ వెనక్కి తిరిగింది.
ఇప్పుడు ఆమెకి మాట వచ్చింది:
"మూత అనుండ్రి. డబ్బకు మూత గావాలె గద!"
నవ్వుతూనే నన్ను చూసింది,
కొంచెం ఎక్కువసేపు.
"పావుకిలో పప్పు గద నీది?"
అవునన్నాను.
ఇంకేదైనా అడుగుతుందేమోనని
చెవులు వేడెక్కాయి.
అడగలేదు.

మర్నాడు రాత్రి పప్పు కట్టి,
చిన్న డబ్బా ఒకటి ముందుకు తోసింది.
"చింత తొక్కు. పైసలొద్దు తియ్."
తెలిసిచ్చిందో, తెలీక ఇచ్చిందో.
క్షమించమనడానికి నాకు ఏ భాషలోనూ ధైర్యం లేదు.
మా బొబ్బిలిలో కుళాయి అంటాం,
అయినా నల్లా అనే అడిగాను:
"మీ బోరబండలో నల్లా వచ్చిందామ్మా?"

చెబుతూ ఉంది.
గరిటె గాల్లోనే ఉండిపోయింది.
వెనక లైను పెరిగింది,
ఎవడో విసుగ్గా పక్కవాడితో
ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు.

ఇద్దరం విన్నాం.